నవ్వని అక్క మాటల్ని పుస్తకంగా కుట్టిన వైనం: నా అనుభవం

మా అక్క ఏదైనా అంటే పక్కనున్నవాళ్ళకు పొట్ట చెక్కలవుతుంది. అదే మాట మర్నాడు ఇంకొకరికి చెప్తే "ఊఁ, అయితే?" అంటారు. మాటలో ఒక్క అక్షరం మారి ఉండదు. ఈ తేడా ఎక్కడ పుడుతోందో పట్టుకోకుండా ఆవిడ మాటల్ని పోగేస్తే చివరికి చేతిలో మిగిలేది జోకుల చిట్టా, అందులో అక్క ఉండదు. నాకు కావలసింది ఇంట్లోవాళ్ళ కోసం 48 పేజీల చిన్న పుస్తకం. తెరిస్తే ఆవిడ గొంతు వినపడాలి. తమ అన్న గురించో చెల్లెలి గురించో ఇలాంటిది చేయాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని పని జరిగిన తీరంతా రాస్తున్నాను.

ముందు ఆవిడ హాస్యం ఏ జాతిదో చెప్పాలి. సేకరించే పద్ధతి దాన్ని బట్టే ఉంటుంది. అక్క జోకులు చెప్పదు. "ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టే రకం కాదు. ఎదుటివాళ్ళు మామూలుగా అన్న మాటకు అక్షరాలా అర్థం తీసి, దానికే జవాబిస్తుంది. "రాత్రి నిద్ర పట్టిందా?" అంటే "పట్టబోయాను, తప్పించుకుంది." "కోపం వచ్చిందా?" అంటే "వచ్చింది. కూర్చోమన్నాను." "జలుబు చేసిందా?" అంటే "నా ప్రమేయం లేదు, అదే చేసుకుపోయింది." మన భాషలో నిద్ర పడుతుంది, కోపం వస్తుంది, ఆకలి వేస్తుంది. మనం ఊరికే ఉంటే చాలు, అన్నీ అవే చూసుకుంటాయి. అక్క వాటిని గుమ్మంలోకి వచ్చిన మనుషుల్లా పలకరిస్తుంది.

రెండో రకం ఆఫీసు భాష. స్నానాల గది తలుపు మీద అంటించిన కాగితం ఇది: "ఇందుమూలముగా సమస్త కుటుంబ సభ్యులకు తెలియజేయడమేమనగా, లైటు ఆర్పకుండా వెళ్ళువారి విషయమున లైటే తగు నిర్ణయము తీసుకొనును." కింద సంతకం, తేదీ. ఆ కింద చిన్న అక్షరాల్లో "ప్రతి: ఫ్యాను గారికి, సమాచార నిమిత్తం." వస్తువులకు హోదాలివ్వడం కూడా దీని కిందకే వస్తుంది. స్విచ్ వేశాక తీరిగ్గా తిరగడం మొదలెట్టే ఫ్యాను పేరు "పెద్దాయన". ప్రింటరు కాగితం ఇరికించుకుంటే "వారు సెలవులో ఉన్నారు, అర్జీ పెట్టి వెళ్ళండి" అంటుంది.

మూడోది అన్నిటికంటే చిక్కుది. పొద్దున ఎవరో అన్న మాటను అట్టే పెట్టుకుని సాయంత్రం తీస్తుంది. ఒకరోజు పొద్దున మా బావ కొత్త కుర్చీ పట్టుకుని "దీన్ని ఎక్కడ పెట్టాలో తేలడం లేదు" అంటూ ఇల్లంతా తిరిగాడు. సాయంత్రం ఎవరో వచ్చి "బావగారెక్కడ?" అని అడిగితే, అక్క తలెత్తకుండా "ఆయన్ని ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు" అంది. పొద్దున లేనివాళ్ళకు ఇది అర్థం కాదు. ఉన్నవాళ్ళు కూడా ఒక క్షణం ఆగి, అప్పుడు నవ్వారు.

ఈ మూడింటినీ పట్టుకునే దారులు వేరు. కాగితాలకు ఫోటో చాలు. ఎదురు జవాబులకు రికార్డింగు కావాలి. తిరిగొచ్చే మాటలకు రికార్డింగు కూడా సరిపోదు, రోజువారీ చిట్టా రాసుకోవాలి.

రికార్డింగు దగ్గర మొదటి నియమం అనుమతి. చాటుగా చేస్తే ఆవిడకే కాదు, ఆ గదిలో మాట్లాడే మిగతావాళ్ళకూ అన్యాయం. పైగా పుస్తకం చేతికొచ్చాక "ఇది ఎప్పుడు విన్నావురా?" అన్న ప్రశ్న వస్తే ఆ పుస్తకం ఇంట్లో ఎవరికీ ముద్దు రాదు. అక్క పెట్టిన షరతు: "చేస్తున్నట్టు నాకు చెప్పకు, కానీ నాకు తెలియాలి." వినడానికి తిక్కగా ఉన్నా ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఫోను పెట్టే చోటు ఒకటి నిర్ణయించుకున్నాం, బల్ల మూల. అక్కడ బోర్లా పెట్టి ఉంటే రికార్డు అవుతోందని అర్థం. ఎవరైనా "ఇది వద్దు" అంటే ఆ ముక్క ఆ రాత్రే చెరిపేయాలి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరైనా ఫోను కోసమే మాట్లాడతారు. ఆ భాగాన్ని వినకుండా వదిలేసినా నష్టం లేదు.

సెట్టింగుల్లో ఒకదాన్ని మాత్రం తప్పకుండా చూడాలి. కొన్ని రికార్డింగు యాప్‌లలో నిశ్శబ్దాన్ని దాటేసే సదుపాయం ఒకటి ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు రికార్డింగు దానంతటదే ఆగి, మాట వినపడగానే మళ్ళీ మొదలవుతుంది. ఉపన్యాసాలకు అది మంచిదే. మా అక్కలాంటి మనిషికి దాన్ని వాడితే విరుపులన్నీ పోయి, ప్రశ్నా జవాబూ అతుక్కుపోయి, ఆవిడ మామూలు మనిషిలా వినిపిస్తుంది. అది కట్టేయాలి. శబ్దాన్ని దానంతట అదే పెంచి తగ్గించే సదుపాయాన్ని కూడా, కట్టేసే వీలుంటే, కట్టేయాలి. లేకపోతే విరామం వచ్చినప్పుడల్లా యాప్ గది హోరును పైకి లాగుతుంది, నిశ్శబ్దం నిశ్శబ్దంగా ఉండదు.

మిగతావి తేలిక. వేవ్ ఫైలు, మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు పెడితే గంటకు సుమారు 318 ఎంబీ అవుతుంది. ఎక్కువనిపిస్తే ఎంపీ3లో 128 కేబీపీఎస్ పెట్టుకోవచ్చు, గంటకు దాదాపు 58 ఎంబీ. ఫోనుకూ మాట్లాడే మనిషికీ మధ్య మీటరు లోపు దూరం ఉండాలి. నేరుగా చెక్క బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ దబ్బుమంటుంది, కింద మడత పెట్టిన గుడ్డ వేస్తే పోతుంది. ఫైలు పేరు మొదట సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా పెడితే కంప్యూటరు వాటిని తేదీల వరసలోనే పేరుస్తుంది. తేదీ ముందు పెట్టి సంవత్సరం చివర పెడితే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒకచోట చేరతాయి.

చిట్టాకు చిన్న నోటుబుక్కు చాలు. నాలుగు గడులు: తేదీ, ఎవరెవరున్నారు, అక్క అన్న మాట, అంతకుముందు జరిగింది. ఈ చివరి గడి అన్నిటికంటే వెడల్పుగా ఉండాలి. చాలామంది చమత్కారాన్ని రాసుకుని దాని ముందున్న మామూలు మాటను వదిలేస్తారు. నెల తర్వాత చూస్తే "ఆయన్ని ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు" అని ఉంటుంది. ఎవరిని, ఎందుకు, ఏ కుర్చీ అన్నది ఎవరికీ గుర్తుండదు. తిరిగొచ్చిన మాటైతే అది మొదట ఏ రోజు ఎవరి నోట వచ్చిందో పక్కన తేదీ వేసి బాణం గీయాలి. రాయడం అదే రోజు జరగాలి. మర్నాటికి మన బుర్ర ఆ వాక్యాన్ని సాపు చేసేస్తుంది, మాటల వరస మారుస్తుంది. హాస్యంలో వరస మారితే ఇక మిగిలేదేమీ లేదు: "తప్పించుకుంది, పట్టబోయాను" అని చదివి చూడండి.

విని రాసే పనికి ఒక గంట రికార్డింగుకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని లెక్క వేసుకోవాలి. నలుగురు ఒకేసారి మాట్లాడే ఇల్లయితే ఇంకా ఎక్కువ. అందుకే అంతా రాయకూడదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి మొదటిసారి ఊరికే వినాలి. నవ్వు వినపడ్డచోట కంట్రోల్-ఎం నొక్కితే అక్కడ గుర్తు పడుతుంది. అంతా అయ్యాక ఆ గుర్తుల్ని టెక్స్టు ఫైలుగా బయటకు తీసుకోవచ్చు. ప్రతి నవ్వు దగ్గర్నించీ నలభై సెకన్లు వెనక్కి వెళ్ళి అక్కణ్ణించి రాస్తే చాలు.

నవ్వు పడినచోటల్లా హాస్యం ఉంటుందనుకోవద్దు. నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ మామూలు సంభాషణల్లో 1200 నవ్వుల్ని గమనిస్తే, జోకు అనదగిన మాట తర్వాత వచ్చినవి ఐదింట ఒక వంతు కూడా లేవు. మిగతావన్నీ "సరే, వెళ్ళొస్తా" లాంటి మాటల వెనక వచ్చినవే. మనుషులు చనువు కొద్దీ నవ్వుతారు. ఆయన లెక్కల్లోనే ఇంకోటి ఉంది: వినేవాళ్ళకంటే మాట్లాడేవాళ్ళే 46 శాతం ఎక్కువగా నవ్వుతారట. మా అక్కను ఆయన చూడలేదు. గుర్తులన్నీ తిరగేస్తే ఆవిడ నవ్వు ఒక్కచోటా దొరకదు. అందరూ నవ్వుతున్నప్పుడు వెనక వినిపించేది ఆవిడ కప్పు కింద పెట్టిన చప్పుడు.

మాటను రాతగా మార్చే యంత్రాలను ఈ పనికి నమ్మడానికి లేదు. కారణం సులువైనదే. అవి ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి రాస్తాయి. అక్క అనేది రావడానికి అవకాశం లేని మాట. కాబట్టి సరిగ్గా అవసరమైన చోటే యంత్రం "సరిదిద్దుతుంది". "కూర్చోమన్నాను" అన్నచోట ఇంకేదో పెట్టి వాక్యాన్ని బుద్ధిగా తయారుచేస్తుంది. ఊఁకొట్టడాలూ, రెట్టించడాలూ ఎగరగొడుతుంది. కాలం గుర్తుల కోసం వాడుకోండి, మాటల కోసం కాదు.

రాసేటప్పుడు విరామాలు కొలవాలి. ఇది అతి అనిపించవచ్చు, కానీ అక్క గుట్టంతా ఇందులోనే ఉంది. ఆడాసిటీలో ప్రశ్న చివర నుంచి జవాబు మొదలు దాకా మౌసుతో లాగి పట్టుకుంటే ఎంతసేపో కింద చూపిస్తుంది. పది భాషల సంభాషణల్ని పోల్చిన 2009 నాటి పరిశోధన ఒకటి ఉంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు ఎడం సెకనులో ఐదో వంతు మాత్రమే, సుమారు 200 మిల్లీసెకన్లు. సెకను దాటితే ఎదుటివాళ్ళకు ఏదో తేడా తెలుస్తుంది. అక్క జవాబులు చాలావరకు సెకనూ సెకనున్నరా మధ్య పడతాయి. ఆ వ్యవధిలో ఎదుటివాళ్ళు ఆవిడ నిజంగానే ఆలోచిస్తోందనుకుంటారు. నిద్ర పట్టిందో లేదో గుర్తు తెచ్చుకుంటోందనుకుంటారు. రెండున్నర సెకన్లు దాటిన జవాబులకు నవ్వు తగ్గింది, అప్పటికే వాళ్ళు ఏదో వస్తుందని సిద్ధమైపోతారు. అరసెకను లోపు వచ్చినవి వెటకారంలా వినిపిస్తాయి, అడిగినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

విరామాన్ని రాయడానికి సంభాషణల్ని అధ్యయనం చేసేవాళ్ళు వాడే గుర్తులున్నాయి. గెయిల్ జెఫర్సన్ ఏర్పరచిన పద్ధతి అది. బ్రాకెట్లో సెకన్లు వేస్తారు, (1.2) అంటే ఒకటీ పాయింట్ రెండు సెకన్ల మౌనం. సాగదీసిన అచ్చు పక్కన చుక్కల జంట పెడతారు. నా రాతప్రతిలో ఒక ముక్క ఇలా ఉంది:

"నిద్ర పట్టిందా అక్కా?"
(1.2)
"పట్టబోయాను."
(0.6)
"తప్పించుకుంది."

ఆ రెండో విరామాన్ని రికార్డింగు లేకుండా ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. మొత్తం మాట అక్కడే నిలబడి ఉంది.

నవ్వుల్ని గుర్తించడానికి మాత్రం నేను నాట్యశాస్త్రం వైపు వెళ్ళాను. భరతుడు హాస్యాన్ని ఆరు మెట్లుగా చెప్పాడు. స్మితంలో పళ్ళు కనపడవు, హసితంలో కొంచెం కనపడతాయి. విహసితంలో మెల్లటి మధురమైన ధ్వని ఉంటుంది. ఉపహసితంలో ముక్కుపుటాలు విప్పారి, భుజాలూ తలా వంగుతాయి. అపహసితంలో కళ్ళ నీళ్ళు వచ్చి భుజాలూ తలా అదురుతాయి. అతిహసితంలో గొంతు బొంగురై, చేతులతో పక్కలు పట్టుకుంటారు. ఒకటి నుంచి ఆరు దాకా అంకె వేస్తే చిట్టాలో ఒక గడి చాలు. మొదటి రెండింటినీ రికార్డింగు పట్టదు, చూసి రాసుకోవాల్సిందే. భరతుడే తాను నవ్వడం ఆత్మస్థమనీ, ఇతరుల్ని నవ్వించడం పరస్థమనీ విడదీశాడు. అక్క పూర్తిగా రెండో ఖాతా.

ఈ అంకెలు వేశాక తెలిసిన సంగతి: పుస్తకంలో బాగా నిలిచేవి ఐదు, ఆరు పడ్డవి కావు. గది మొత్తం పొర్లి నవ్విన మాటల్లో సగానికి పైగా ఆ గది వేడి మీద ఆధారపడినవే. అప్పటికే ఎవరో నవ్వుతున్నారు, దాని మీద ఇంకోటి పడింది. కాగితం మీద అవి చల్లారిపోతాయి. రెండు, మూడు పడ్డవి, వినే మనిషి ఒక్కడే ఉన్నప్పుడు అన్నవి, అచ్చులో గట్టిగా నిలుస్తాయి. చదివేవాడూ ఒక్కడే కదా.

ఏరడానికి ప్రతి ముక్కనూ ఒక్కో చీటీ మీద రాసి మూడు కుప్పలు పెట్టాను. ఏ వివరణా లేకుండా నిలిచేవి ఒకటి. మూడు వరసల లోపు ముందుమాటతో నిలిచేవి రెండు. అంతకంటే ఎక్కువ చెప్పాల్సినవి మూడు. మూడో కుప్ప మొత్తం పక్కన పెట్టేయాలి. ఎంత ఇష్టమైనా సరే. వివరణ మాటకంటే పొడుగైతే చదివేవాళ్ళు నవ్వరు, మర్యాదకు తల ఊపుతారు. మిగిలినవాటిని అక్కను ఎరగని ఒక మనిషికి చదివి వినిపించాలి. చదివేటప్పుడు మన ముఖంలో నవ్వు ఉండకూడదు. ఉంటే వాళ్ళు మన ముఖం చూసి నవ్వుతారు, పరీక్ష చెల్లదు. ఇలా వడపోస్తే పదింటికి ఒకటి మిగులుతుంది. అందుకే 48 పేజీలకు చీటీలు ఐదారు వందలైనా ఉండాలి.

ఇంకో జల్లెడ కూడా పట్టాలి: ఎవరి మీద? మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యాన్ని నాలుగు ధోరణులుగా కొలిచే ప్రశ్నావళి ఇచ్చారు, మొత్తం 32 ప్రశ్నలు. నలుగురినీ కలిపేది, తన మనసును తాను నిలబెట్టుకునేది, ఎదుటివాళ్ళను కించపరిచేది, తనను తాను తక్కువ చేసుకునేది. అక్క మాటల్లో మూడోది అరుదు, కానీ ఉంది. అన్నప్పుడు అవతలివాళ్ళు కూడా నవ్వేసినా, అచ్చులో అది వేరే సంగతి. గదిలో ఆ మాట వెనక అక్క చేయి వాళ్ళ భుజం మీద ఉంటుంది, పుస్తకంలో చేయి ఉండదు. అలాంటివి ఆ మనిషికే చూపించి, ఒప్పుకుంటేనే ఉంచాను. బావ కుర్చీ మాట ఆయన ఒప్పుకున్నాకే లోపలికి వచ్చింది. "నా పేరు పెద్ద అక్షరాల్లో వేయి" అన్నాడు.

సంపాదకత్వంలో పాటించినవి కొన్నే. "అంది" తప్ప ఇంకో క్రియ వాడలేదు. "చమత్కరించింది", "చురక వేసింది", "కొంటెగా అంది" అన్నవి వస్తే చదివేవాడికి ముందే గంట కొట్టినట్టు. ఆశ్చర్యార్థకాలు ఒక్కటీ లేవు, ఆవిడ గొంతులో లేవు కనక. "హహహ" అని ఎక్కడా రాయలేదు. అవతలివాళ్ళ నవ్వును కూడా రాయలేదు, అది చదివేవాళ్ళ పని. ఆమె పలికినట్టే రాయాలి. "చెయ్యలేదు" అంటే "చేయలేదు" అని దిద్దకూడదు. ఆఫీసు భాష కాగితాల్లో మాత్రం ఒక్క పొల్లు కూడా మార్చకుండా గ్రాంథికం గ్రాంథికంగానే ఉంచాలి, "తీసుకొనును" స్థానంలో "తీసుకుంటుంది" వస్తే లైటుకున్న అధికారం పోతుంది.

పేజీల అమరికలో అసలు పని మొదలవుతుంది. బ్రాకెట్లో (1.2) అని వేస్తే ఇంట్లోవాళ్ళు చదవరు, విరామాన్ని ఖాళీగా మార్చాలి. అరసెకను విరామానికి కొత్త వరస. సెకను దాటితే ఒక వరస ఖాళీ. తిరిగొచ్చే మాటలకు పేజీ తిప్పడమే విరామం. ఇక్కడ ఒక మెలకువ ఉంది. పుస్తకంలో బేసి అంకెల పేజీలు కుడివైపు వస్తాయి. పొద్దుటి మాట కుడి పేజీ అడుగున ముగియాలి, సాయంత్రపు మాట తిప్పాక ఎడమ పేజీ తలన రావాలి. ఎడమ పేజీలో మొదలుపెట్టి ఎదురుగా కుడి పేజీలో జవాబు వేస్తే చదివేవాడి కన్ను ముందే అక్కడికి దూకేస్తుంది. అన్నీ ఇలా పడేలా వరస కుదర్చడానికి పక్క ముక్కల్ని అటూ ఇటూ జరపాల్సి వస్తుంది, కొన్ని చోట్ల సగం పేజీ ఖాళీ వదలాలి. ఖాళీకి భయపడకూడదు.

పుస్తకం కొలత ఏ5, అంటే 148 గుణించు 210 మిల్లీమీటర్లు. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చేది అదే. ఒక కాగితానికి నాలుగు పేజీలు పడతాయి కాబట్టి మొత్తం నాలుగు గుణకంలోనే ఉండాలి. 48 పేజీలకు 12 కాగితాలు, పైన అట్ట. అక్షరాలు ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్‌లోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొడితే రేపు ఫాంటు లేని కంప్యూటర్లో అంతా పిచ్చి గుర్తులవుతుంది, వెతుకుదామన్నా మాట దొరకదు. అక్షరం 12 పాయింట్లయితే వరసకూ వరసకూ మధ్య 18 పాయింట్లు ఇచ్చాను. తెలుగులో పై వరస వత్తులూ కింది వరస గుడులూ ఢీకొంటాయి, ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. నేను ఉచితంగా దొరికే లిబ్రెఆఫీసుతో సరిపెట్టుకున్నాను. దాని ప్రింటు పెట్టెలో బ్రోషర్ అన్న ఎంపిక ఉంది, పేజీల వరసను అదే మారుస్తుంది. కుట్టువైపు అంచు 20 మిల్లీమీటర్లు, మిగతా వైపులు 15.

రెండువైపులా ముద్రించేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పేలా పెట్టాలి. పొడుగు అంచు పెడితే ప్రతి కాగితం వెనకవైపు తలకిందులుగా వస్తుంది. ముందు నాలుగు పేజీల ఫైలుతో పరీక్ష చేసుకుంటే కాగితం దండగ కాదు. నా పరీక్ష కాగితం చూసి అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎదురుగా కూర్చున్నవాళ్ళ కోసమా?" అంది. చీటీ రాసుకున్నాను. ఫోటోలు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. తలుపు మీది కాగితాల్ని ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వేయకుండా, పగటి వెలుతురులో, కెమెరాను కాగితానికి సమాంతరంగా పట్టుకుంటే చాలు.

లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితం సరిపోతుంది, కానీ వెనకవైపు అక్షరాలు మసగ్గా కనపడతాయి. పేజీ తిప్పాక రావలసిన మాట ముందే లీలగా కనిపిస్తే మనం పడ్డ పాటంతా వృథా. అందుకని 100 తీసుకున్నాను, అట్టకు 250. మడిచేముందు అట్టకు మధ్యలో స్కేలు పెట్టి మొద్దు మొనతో గీత నొక్కితే మడత దగ్గర పగలదు. పన్నెండు కాగితాలు ఒకదానిలో ఒకటి పెడితే లోపలివి బయటికి ఒక మిల్లీమీటరుకు పైగా పొడుచుకొస్తాయి. కుట్టిన తర్వాతే ఆ అంచును పదునైన బ్లేడుతో, ఇనుప స్కేలు ఆనించి, ఒక్కో పొరగా కోయాలి. ఒకే ఊపులో కోయబోతే కాగితం జరుగుతుంది.

మామూలు స్టాప్లరు మడత దాకా అందదు, అంచు నుంచి మడతకు 148 మిల్లీమీటర్లు. పొడుగు చేతి స్టాప్లరు లేకపోతే దారమే మేలు. నాకు దారమే నచ్చింది. మడతలో మూడు రంధ్రాలు: మధ్యలో ఒకటి, పైనుంచి, కిందనుంచి 35 మిల్లీమీటర్ల లోపలికి ఒక్కొక్కటి. దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు, సుమారు 525 మిల్లీమీటర్లు. దానికి మైనం రాస్తే చిక్కుపడదు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, మధ్యను దాటేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్ళీ మధ్య రంధ్రంలోంచి లోపలికి. లోపల పొడుగ్గా కనిపించే దారానికి అటొక కొస, ఇటొక కొస వచ్చేలా చూసి ముడి వేయాలి. రెండు కొసలూ ఒకేవైపు ఉంటే ముడి వదులవుతుంది. దారం లాగేటప్పుడు మడత వెంబడే లాగాలి, పైకి లాగితే రంధ్రం చీరుకుంటుంది.

ముద్రణకు ముందు అక్క మొత్తం చదివింది. ఇది తప్పనిసరి మెట్టు, మర్యాద కోసం మాత్రమే కాదు. తన మాట ఏ వరసలో ఉండాలో ఆవిడకే బాగా తెలుసు. రెండుచోట్ల ఒక్కో పదం తీసేసింది, రెండుచోట్లా ముక్క బాగుపడింది. చదవడం అయ్యాక "ఈవిడ బాగుందిరా. ఒకసారి పరిచయం చెయ్యి" అంది. లెక్కకు పేజీలు తగ్గి చివర రెండు ఖాళీగా మిగిలాయి. ఏదైనా రాసిమ్మంటే మర్నాడు ఒక కాగితం ఇచ్చింది, దస్తూరీని స్కాన్ చేసి అలాగే వేశాను. 47వ పేజీలో: "తప్పొప్పుల పట్టిక. 14వ పేజీ, 6వ వరస: నవ్వు వచ్చినచో, రానట్లు చదువుకొనగలరు." 48వ పేజీలో, మధ్యన, చిన్న అక్షరాల్లో: "ఈ పుట ఉద్దేశపూర్వకముగా నవ్వించదు."

పుస్తకం అయ్యాక రికార్డింగుల్ని పారేయలేదు. ఏరిన ముక్కల్ని వేవ్ ఫైళ్ళుగానే కోసి, ఒక్కోదానికి పుస్తకంలో పేజీ అంకె పేరుగా పెట్టి, రెండు వేర్వేరు డిస్కుల మీద ఒక్కో నకలు, బయట ఇంకొకరి ఇంట్లో మూడోది ఉంచాను. వద్దన్నవి ఎప్పుడో చెరిగిపోయాయి. చెరిపినవాటి పేర్లు మాత్రం ఒక కాగితం మీద ఉన్నాయి, అక్క దాన్ని తన దగ్గరే పెట్టుకుంది. దాని తల మీద "రహస్యము" అని రాసి, కింద ప్రతి ఎవరికో కూడా వేసింది: పెద్దాయనకు.